ఉగాది మొదలు నవమి వరకు: కావేరీతీరమున తెలుగు నామసంకీర్తనము

చైత్రశుద్ధ పాడ్యమినాడు వేపపూత పచ్చడి నోట వేసికొని, పంచాంగశ్రవణము విని, క్రొత్తబట్టలు కట్టుకొన్నంతనే ఉగాది ముగిసినదని నేటి మన పిల్లలు తలచుచున్నారు. మా చిన్ననాట ఉగాది అన్నది ఒక పెద్ద పండుగకు తలుపు తీయు దినముగా నుండెను. కుంభకోణములో మా వీధి చివరనున్న చిన్న రామమందిరమున ఆనాటి సాయంకాలము దీపము పెట్టిన వెంటనే తాళములు మ్రోగెడివి. అది మొదలు తొమ్మిది దినములు నామసంకీర్తనము. తొమ్మిదవనాటి మధ్యాహ్నము రామజననము. ఆ తొమ్మిది దినములును మా యిండ్లలో ఉల్లి, వెల్లుల్లి వండెడివారు కారు. మా అవ్వ, "స్వామి కడుపులో ఉన్నాడు, మెల్లగా మాటలాడుడు" అని మమ్ము గదమాయించెడిది.

ఆ మాటకు అర్థము నాకు చాలకాలము తెలియలేదు. అది తెలిసికొన్న పిదప, మన తెలుగువారు ఈ కావేరీతీరమునకు ఏమి తెచ్చిరి, ఇచ్చట ఏమి పెంచిరి, ఇప్పుడు మన చేతులలో ఏమి మిగిలినది అను విషయములు కూడ కొంత తెలిసినవి. నేను పండితుడను కాను, ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, గుమాస్తాపని చేసి విశ్రాంతి పొందినవాడను. పెద్దలవలన విన్నదియు, పుస్తకములలో చదివినదియు, కన్నులార చూచినదియు పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

గర్భోత్సవము, జననోత్సవము

శ్రీరామనవమి ఉత్సవము దక్షిణదేశమున రెండువిధములుగ జరుగును. పాడ్యమి మొదలు నవమి వరకు జరుపునది గర్భోత్సవము. నవమి మొదలు తొమ్మిది దినములు జరుపునది జననోత్సవము. మొదటిది రాబోవు స్వామికొరకు ఎదురుచూచుట. రెండవది వచ్చిన స్వామిని చూచి సంతోషించుట. మా అవ్వ "కడుపులో ఉన్నాడు" అనుట ఈ గర్భోత్సవమును గురించియే. ఇంట నిండుచూలాలు ఉన్నప్పుడు పెద్దలు ఎట్లు మెలగుదురో అట్లే ఆ తొమ్మిది దినములు మెలగవలెనని ఆమె భావము.

ఈ దినములలో రామాయణమును నవాహముగా పారాయణము చేసి పట్టాభిషేకముతో ముగించువారు కలరు. సంస్కృతము రానివారికి, పుస్తకము చదువలేనివారికి నామభజనమే పారాయణము. మా వీధిలో నూలువ్యాపారులు, వడ్రంగులు, రైతులు, ఒకరిద్దరు ఉపాధ్యాయులు ఉండిరి. వారందరికిని కలసి పాడదగినది నామము. దానికి అర్హతయని ఒకటి లేదు, గొంతు బాగుండనక్కరలేదు. ఈ సౌలభ్యము తనంతట తాను కలిగినది కాదు. దాని వెనుక మూడువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

తెలుగువారు, తంజావూరు

విజయనగర ప్రభువుల కాలమున, 1532 ప్రాంతమున సేవప్ప నాయకుడు తంజావూరు పాలకుడయ్యెను. ఆయన కుమారుడు అచ్యుతప్ప, మనుమడు రఘునాథుడు, మునిమనుమడు విజయరాఘవుడు వరుసగా ఏలిరి. తెలుగు కుటుంబములు పలువిధములైన పనులతో ఈ సీమకు వచ్చి స్థిరపడిన కాలమిది. మేలట్టూరు గ్రామమును అచ్యుతప్ప నాయకుడు ఐదువందలపది బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లతోను, నూతులతోను, భూములతోను దానమిచ్చెనని ప్రతీతి. ఆ గ్రామమున నృసింహజయంతికి తెలుగు భాగవతమేళ నాటకములు నేటికిని ఆడబడుచున్నవి. త్యాగరాజస్వామికి సమకాలికుడైన మేలట్టూరు వెంకటరామశాస్త్రి వ్రాసిన ప్రహ్లాదచరిత్రము అందు ముఖ్యమైనది.

1600 మొదలు 1634 వరకు ఏలిన రఘునాథనాయకుడు తానే కవి. తెలుగున రామాయణమును, వాల్మీకి చరిత్రమును రచించెను. మా కుంభకోణములోని రామస్వామి దేవాలయము ఆయన కట్టించినదే. అందు సీతారాములు పట్టాభిషేక వైభవముతో ఒకే పీఠముపై కూర్చుండియుందురు. ఆంజనేయస్వామి ఒకచేత వీణయు, ఒకచేత రామాయణ గ్రంథమును ధరించియుండును. ప్రాకారపు గోడలపై రామాయణగాథ అంతయు చిత్రింపబడియున్నది. చిన్ననాట నాయన నన్ను వెంటబెట్టుకొని ప్రదక్షిణము చేయించుచు ఒక్కొక్క బొమ్మవద్ద నిలిచి కథ చెప్పెడివాడు. ఆ ప్రాకారమే నాకు మొదటి రామాయణము.

1673లో విజయరాఘవుడు మరణించుటతో నాయకరాజ్యము అంతమొందెను. కొలదికాలమునకే, 1676 ప్రాంతమున, మహారాష్ట్ర ప్రభువైన ఏకోజీ తంజావూరు సింహాసనమెక్కెను. ప్రభువులు మారినను తెలుగు పోలేదు. ఏకోజీ కుమారుడు శాహజీ (1684-1712) స్వయముగా తెలుగున పల్లకీ సేవా ప్రబంధము రచించెను. పాలకుడు మహారాష్ట్రుడు, ప్రజలు తమిళులు, ఆస్థానభాష తెలుగు, శాస్త్రభాష సంస్కృతము. ఈ నాలుగును ఒకచోట కలిసినందుననే, నాలుగు భాషల పాటలును ఒకే కూర్పున ఇమిడిన దక్షిణదేశ భజనసంప్రదాయము ఈ గడ్డపై పుట్టినది.

నామసిద్ధాంత గురువులు మువ్వురు

భజనకు కూర్చుండినవారు మొట్టమొదట మువ్వురు గురువులను స్మరింతురు: బోధేంద్రస్వామి, శ్రీధర అయ్యవాళ్, మరుదానల్లూరు సద్గురుస్వామి. ఈ మువ్వురి స్థలములును కుంభకోణమునకు చేరువనే యున్నవి.

కాంచీపీఠమును అధిష్ఠించిన బోధేంద్రులు నామామృతరసాయనము మొదలగు గ్రంథములు రచించి, కలియుగమున భగవన్నామమే తరణోపాయమని శాస్త్రప్రమాణములతో నిరూపించిరి. గోవిందపురమున 1692లో వారు సిద్ధిపొందిరి. యౌవనమున వారు పూరీక్షేత్రమునకు పోయి, లక్ష్మీధరుని భగవన్నామకౌముది గ్రంథమును సంపాదించిరని పెద్దలు చెప్పుదురు. ఒడిశాలో నివసించు మన సోదరులకు ఈ విషయము ప్రీతికరము కాగలదు. కావేరీతీరపు నామసంకీర్తనమునకు జగన్నాథుని సన్నిధితో ఇట్టి సంబంధము కలదు.

శ్రీధర వేంకటేశులు, అనగా అయ్యవాళ్, మైసూరు సీమనుండి వచ్చిన తెలుగు కుటుంబమునకు చెందినవారు. శాహజీ 1693లో పండితులకు దానమిచ్చిన తిరువిశనల్లూరున, అనగా శాహజిరాజపురమున, నివసించిరి. వారు రచించిన ఆఖ్యాషష్టి నామమహిమను చెప్పు గ్రంథము. ఒక శ్రాద్ధదినమున ఆకలితో వచ్చిన అంత్యజునకు, బ్రాహ్మణులకై వండిన అన్నమును ముందుగా పెట్టిరనియు, అందుకై గ్రామమువారు వెలివేయగా వారి ఇంటి నూతిలోనికి గంగ పొంగి వచ్చెననియు కథ. నేటికిని కార్తిక అమావాస్యనాడు ఆ నూతినీట స్నానముచేయుటకు వేలాది జనులు వచ్చుచున్నారు. కథలోని గంగను నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. ఆకలిగొన్నవానికి అన్నముపెట్టుట నామమునకు వెలియైన ధర్మము కాదని ఆ కథ చెప్పుచున్నది. అందుచేతనే ఉత్సవము ముగిసిననాడు అన్నదానము లేని భజనమును మా పెద్దలు భజనముగా లెక్కింపలేదు.

మూడవవారైన సద్గురుస్వామి (1777-1817) తెలుగు కుటుంబమునందే పుట్టినవారు. మొదటి ఇద్దరును సిద్ధాంతము చెప్పిరి. దానికి ఒక నడకను, ఒక వరుసను ఏర్పరచినవారు సద్గురుస్వామి. ఏ పాట ముందు, ఏ పాట వెనుక, ఎప్పుడు పూజ, ఎప్పుడు దీపప్రదక్షిణము అను క్రమమును వారు దిద్దిరి. నేడు మద్రాసున గాని, బెంగుళూరున గాని, ముంబయి మాటుంగాలో గాని భాగవతులు పాడు పద్ధతికి మూలము మరుదానల్లూరు మఠమే.

గోల్కొండ చెరనుండి వచ్చిన పాటలు

బోధేంద్రులు కావేరీతీరమున నామమహిమ బోధించుచున్న కాలముననే, గోల్కొండలో మరియొక మహానుభావుడు నామముచేతనే చెరలో ప్రాణము నిలుపుకొనుచుండెను. నేలకొండపల్లివాడైన కంచెర్ల గోపన్న, అక్కన్న మాదన్నల మేనల్లుడు. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా (1672-1687) కాలమున పాల్వంచ పరగణా తహశీలుదారుగా నుండి, సర్కారు పన్ను ధనముతో భద్రాచల రామునకు ఆలయము కట్టించెను. ధనము ఆరు లక్షలనియు, చెర పండ్రెండేండ్లనియు ప్రతీతి. చివరకు రామలక్ష్మణులే సేవకుల రూపున వచ్చి తానీషాకు పైకము చెల్లించిరని మనమందరము ఎరిగిన కథయే.

నేను ముప్పదినాలుగేండ్లు లెక్కలు వ్రాసినవాడను. గుమాస్తా దృష్టితో చూచినచో గోపన్న చేసినది తప్పే. సర్కారు సొమ్ము ఒక పద్దు క్రింద వసూలుచేసి వేరొక పద్దు క్రింద ఖర్చుచేసెను. కాని అతడు లెక్క దాచలేదు. చెరలో పాడిన ఒక కీర్తనలో సీతమ్మకు చేయించిన నగకు ఇంత, లక్ష్మణునికి చేయించినదానికి ఇంత, భరతునికి ఇంత అని వివరముగ చెప్పి, ఇదంతయు ఎవరికొరకు ఖర్చుచేసితినని రాముని నిలదీసెను. పిమ్మట ఆ పాటలోనే, దెబ్బల బాధకు ఓర్వలేక తిట్టితిని, మన్నింపుమని వేడుకొనెను. ఆ కీర్తన విన్నప్పుడెల్ల నాకు లెక్కపుస్తకము ముందర పెట్టుకొని పై అధికారి ఎదుట నిలువబడిన ఒక ఉద్యోగి కన్నులకు కట్టును.

ఈ కీర్తనలు గోదావరినుండి కావేరికి నడిచివచ్చినవి. భజన ప్రారంభమున పాడు తోడయమంగళములో భద్రాచల రామదాసు రచనయు, తాళ్లపాక అన్నమాచార్యుని రచనలును, విజయగోపాలస్వామి రచనయు చేరియున్నవి. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభమున తూము నరసింహదాసు భద్రాచలమున నిత్యోత్సవములను చక్కబరచెను. ఆయన దక్షిణయాత్రలో తిరువయ్యారుకు వచ్చి త్యాగరాజస్వామిని దర్శించెనని చెప్పుదురు. త్యాగరాజస్వామియు, దేవగాంధారి రాగమున రచించిన క్షీరసాగరశయన కృతిలో, రామదాసు చెర తీర్చిన సంగతిని తలచుకొనెను.

అదే పదునేడవ శతాబ్దిన మహారాష్ట్రమున మరియొక రామదాసు వెలసెను. సమర్థ రామదాసు (1608-1681) నాసిక్ వద్ద టాక్లీ గ్రామమున పండ్రెండేండ్లు త్రయోదశాక్షరీ రామమంత్రమును పదమూడు కోట్లు జపించెనని వారి సంప్రదాయము. ఆ సంప్రదాయపు మఠములు తంజావూరు సీమలోను ఏర్పడినవి. మన భజనలలో అభంగములు చేరుటకు తంజావూరు మహారాష్ట్ర రాజ్యమే కారణము. పుణె, షోలాపురములందు నివసించు మన తెలుగువారు కావేరీతీరపు భజనగోష్ఠిలో కూర్చుండినచో, ఒకే సాయంకాలమున తమ రెండు భాషలును వినగలరు.

త్యాగరాజస్వామి, నామసంఖ్య

కాకర్ల త్యాగబ్రహ్మము 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున జీవించి, 1847లో పుష్యబహుళ పంచమినాడు సిద్ధిపొందెను. తండ్రి రామబ్రహ్మము. భజనగోష్ఠికొరకు ఆయన దివ్యనామ కీర్తనలను, ఉత్సవసంప్రదాయ కీర్తనలను ప్రత్యేకముగ రచించెను. స్వామిని మేలుకొలుపుట మొదలు పవళింపుసేవ వరకు ఒక్కొక్క ఉపచారమునకు ఒక్కొక్క పాట ఉత్సవసంప్రదాయములో కలదు. ఇవి సభలలో విద్వాంసులు పాడుటకు కాక, ఇంట పదిమంది కలసి పాడుటకు తగిన సులభమైన వరుసలతో నున్నవి. ఇంతటి సంగీతవిద్వాంసుడు గొంతులేనివారికొరకు కూడ పాటలు కట్టెనన్నది నాకు ఆయన పాండిత్యముకంటె గొప్పగా తోచును.

రామకృష్ణానందులను యతి ఉపదేశముచే ఆయన 21 సంవత్సరములలో 96 కోట్ల రామనామ జపము చేసెనని ప్రసిద్ధి. లెక్కలవాడను గనుక ఒకనాడు కాగితముపై వేసి చూచితిని. 21 సంవత్సరములకు సుమారు 7,670 దినములు. 96 కోట్లను భాగింపగా దినమునకు 1,25,000 పైచిలుకు వచ్చును. పెద్దలు చెప్పునదియు దినమునకు లక్షయిరువదియైదు వేలే, అంతవరకు సరిపోయినది. దినమునకు 86,400 సెకండ్లే. సెకండునకు ఒకమారు చొప్పున అన్నచో దినము చాలదు. రెండుమారులు చొప్పున అన్నచో 17 గంటల 21 నిమిషములు పట్టును. మిగిలిన ఆరున్నర గంటలలో నిద్ర, స్నానము, పూజ, ఉంఛవృత్తి, శిష్యులకు పాఠము, కీర్తనరచన జరుగవలెను.

ఈ లెక్క మా వీధి పెద్ద భాగవతులకు చూపగా ఆయన నవ్వి, "నాయనా, నీవు నోటితో అన్న నామము మాత్రము లెక్కించితివి. వీధిలో నడచునప్పుడు, బియ్యము ఏరునప్పుడు లోపల నడిచిన నామమును ఏ పద్దులో వ్రాసితివి?" అనిరి. నేను కాగితము మడిచి జేబులో పెట్టుకొంటిని. సంఖ్య నిజమా కాదా అని నేను వాదింపను. 21 సంవత్సరములు ఒక పనిని విడువకుండుట ఎట్టిదో ఆ సంఖ్య మనకు తెలుపుచున్నది.

రామకోటి వ్రాయువారు మన యిండ్లలో ఇప్పటికిని కలరు. దానికిని లెక్క వేసితిని. దినమునకు వేయి నామములు వ్రాసినచో కోటికి 10,000 దినములు, అనగా 27 సంవత్సరముల నాలుగున్నర మాసములు. నేను 1983 మొదలు 2017 వరకు ఉద్యోగము చేసితిని. ఆ కాలములో దినమునకు వేయి వ్రాసియుండినచో ఒక కోటి ముగిసి, పైన ఆరున్నర సంవత్సరములు మిగిలియుండెడివి. నేను వ్రాసినవన్నియు అంకెలే.

భజన జరుగు విధము

మా వీధిలో తొమ్మిది దినములును ఇట్లు గడచెడివి. ఉగాదినాటి సాయంకాలము పటమునకు పూలదండ వేసి, కుందిలో దీపము పెట్టి, ధ్యానశ్లోకములు, తోడయమంగళము, గురుకీర్తనలు పాడెడివారు. తరువాత జయదేవుని అష్టపదులలో కొన్ని. పిమ్మట తెలుగుదేశమునుండి వచ్చి వరహూరున స్థిరపడిన నారాయణతీర్థుల కృష్ణలీలాతరంగిణినుండి తరంగములు. ఆ పిదప రామదాసు కీర్తనలు. ప్రతి పాటకు చివర ఒక నామావళి. నాయకుడు ఒక చరణము అనును, తక్కినవారు తిరుగ అందురు. పిల్లలకు పాట రాకపోయినను నామావళి వచ్చును. చిడతలు, తాళములు, మృదంగము, ఒక పాత హార్మోనియము మా వాద్యములు.

సప్తమినాటి రాత్రి దివ్యనామము. మధ్యను కుందిదీపము నిలిపి, అందు స్వామిని ఆవాహనముచేసి, అందరును చుట్టును తిరుగుచు పాడెడివారు. ఆ వలయములో యజమాని ఎవరో, కూలివాడెవరో తెలియదు. వెలుతురు అందరి మొగములపైనను సమముగ పడును. అష్టమినాటి ఉదయము ఉంఛవృత్తి. నాయన తలపాగా చుట్టి, పూలుచుట్టిన రాగిచెంబు భుజమున వ్రేలాడవేసికొని, తంబుర మీటుచు ముందు నడిచెడివాడు. ఇంటింటివారును వాకిట ముగ్గువేసి, నీళ్లతో కాళ్లు కడిగి, చెంబులో పిడికెడు బియ్యము పోసెడివారు. తమిళుల ఇండ్లనుండియు, సౌరాష్ట్రుల ఇండ్లనుండియు బియ్యము వచ్చెడిది. ఆ బియ్యముతోనే నవమినాడు నైవేద్యము, అన్నదానము.

నవమినాటి మధ్యాహ్నము జననఘట్టము కాగానే పానకము, వడపప్పు, నీరుమజ్జిగ పంచిపెట్టెడివారు. బెల్లము, మిరియము, శొంఠి, ఏలకులు కలిపిన పానకము చైత్రపు ఎండకు ఔషధమని అవ్వ చెప్పెడిది. సాయంకాలము సీతాకల్యాణము, డోలోత్సవము, పవళింపు, చివర ఆంజనేయోత్సవము. ఆ చివరి నామావళితో రాత్రి పదునొకండు దాటెడిది.

బెంగుళూరులో ఈ రామనవమి దినములు సంగీతోత్సవములుగ పెరిగినవి. చామరాజపేట ఫోర్ట్ హైస్కూలు మైదానమున శ్రీరామసేవా మండలివారు 1939లో ప్రారంభించిన ఉత్సవము అందుకు తార్కాణము. అది పెద్ద వృక్షము. మా వీధి భజనము తులసిమొక్కవంటిది. వృక్షమునకు నీరుపోయువారు పలువురు కలరు. తులసికి ఇంటివారే పోయవలెను.

రెండు పుస్తకములు

ఇక నా తప్పు చెప్పుకొందును. ఉగాది మొదలు నవమి వరకు గల దినములు తరచు మార్చి చివరివారమునకు చేరువగ వచ్చును. సర్కారు లెక్కలు మూయునది మార్చి 31. 2004లో నవమి మార్చి 30న వచ్చెను; 2012లో ఏప్రిల్ 1న. ఇతర సంవత్సరములలో నవమి దూరముగ వచ్చినను, మిగిలిన పద్దులు సరిచూచుటయను నెపము నాకు దొరకెడిది. ఉద్యోగము దూరపట్టణమున. నాయన ప్రతి ఉగాదికి ముందు ఒక కార్డు వ్రాసెడివాడు: "ఈ యేడైనను తొమ్మిది దినములు వచ్చెదవా?" నేను నవమినాటికి మాత్రము వచ్చి, పానకము త్రాగి, మరునాటి బండికి తిరిగిపోయెడివాడను. కొన్ని యేండ్లు అదియు లేదు. 1998లో నాయన గతించెను. వారి పెట్టెలో ఆ కార్డులకు నేను వ్రాసిన జవాబులు ఒక దారముతో కట్టియుండెను. ప్రతిదానిలోను "వచ్చే యేడు తప్పక" అని యున్నది.

అదే పెట్టెలో రెండు పుస్తకములు దొరకినవి. ఒకటి మా తాత తెలుగు లిపిలో వ్రాసికొన్న భజనపుస్తకము, 43 పాటలు. రెండవది ఆ పాటలనే నాయన తమిళ లిపిలో ఎత్తివ్రాసినది. నాయనకు తెలుగు చదువ వచ్చును. గోష్ఠిలోని మిత్రులకు, వారి పిల్లలకు రాదు గనుక, వారికొరకు ఆ శ్రమపడెను. ఆయన చేసినది మేలే. అది లేకున్న భజన ఎన్నడో నిలిచిపోయెడిది.

కాని తమిళ లిపిలో ప, బ, భ లకు ఒకటే అక్షరము. క, గ లకు ఒకటే. త, ద, ధ లకు ఒకటే. నాయన తరమువారు ఆ పుస్తకము చూచి పాడినను, ధ్వని వారి చెవిలో ముందే యుండెను. కన్ను తప్పినను చెవి దిద్దెడిది. చెవితో వినినవారు గతించిరి. ఇప్పటివారికి కన్ను మాత్రమే మిగిలినది. నేను విశ్రాంతి పొంది ఇల్లు చేరిన పిదప గోష్ఠిలో కూర్చుండి వింటిని. బాలరాముడు "పాలరాముడు" అయినాడు. రామకథ "రామగద" అయినది. పాడువారి భక్తికి కొరత లేదు, తాళము తప్పలేదు. మాట మాత్రము చేయిజారినది.

పదేండ్ల నా మనుమరాలు ఒకనాడు, "తాతా, పాలరాముడంటే పాలు త్రాగే రాముడా?" అని అడిగెను. అందరును నవ్విరి. నాకు నవ్వు రాలేదు. నేను బడిలో తెలుగు ఒక పాఠ్యభాషగ చదివినవాడను. నా కుమారునికి నేర్పలేదు. నేర్పవద్దని నన్నెవరును అడ్డగింపలేదు. ఉద్యోగమునకు పనికిరాదని నేనే ఊరకుంటిని.

త్యాగరాజస్వామి శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. వారి ఇంటిభాష తెలుగు కాదు. అయినను గురువు కీర్తనలను తెలుగు లిపిలో శ్రద్ధగ వ్రాసిపెట్టిరి. ఆ వాలాజాపేట ప్రతులు మధురలోని సౌరాష్ట్రసభలో భద్రపరుపబడినందుననే అనేక కీర్తనల పాఠము మనకు నిలిచినది. పరభాషవారు అంత శ్రద్ధ చూపగా, తెలుగు ఇంటిభాషగా గల నేను తాత పుస్తకమును పెట్టె అడుగున ఉంచితిని.

తొమ్మిది దినములలో ఏమి చేయవచ్చును

2024లో ఏప్రిల్ 9న ఉగాది, 17న నవమి వచ్చినవి. ఆ తొమ్మిది సాయంకాలములు భజనకు ముందు అరగంట మా యింటి వసారాలో పిల్లలను కూర్చుండబెట్టితిని. ఏడుగురు వచ్చిరి, అందు ఇద్దరు తమిళుల పిల్లలు. మొదటినాడు "రా", "మ" అను రెండక్షరములే. రెండవనాడు ప, బ, భ లను నోటియెదుట అరచేయి పెట్టుకొని పలికించితిని. భకారమునకు అరచేతికి గాలి తగులును. బకారమునకు అంతగ తగులదు. పిల్లలకు అది ఆటగ తోచినది. తరువాతి దినములలో ఆనాడు పాడబోవు నామావళిలోని మాటలలో గల అక్షరములనే నేర్పితిని. పాఠముకొరకు పాట కాక, పాటకొరకు పాఠమగుటచే వారు విసుగు చెందలేదు. తొమ్మిది దినములలో అక్షరమాల అంతయు రాదు. కాని నవమినాడు మా మనుమరాలు తాత వ్రాసిన పుస్తకమునుండి "బాలరామ" అను మాటను వ్రేలుపెట్టి చదివి, ప్రక్కవానితో, "పాల కాదురా, బాల. చిన్న రాముడు" అని చెప్పెను. గోష్ఠిలోని పెద్దలు తమ పుస్తకములలో ఆ అక్షరము క్రింద పెన్సిలుతో గీత గీసికొనిరి. అంతకంటె నేను సాధించినది లేదు.

సాధింపలేనిది ఒకటి కలదు. తాత పుస్తకములోని 43 పాటలలో 11 పాటల వరుస ఇప్పుడెవరికిని తెలియదు. కొన్నిటిపైన రాగతాళముల పేర్లు లేవు. "పై వరుసనే" అని మాత్రము వ్రాసియున్నది. పై పుటను పురుగు తినివేసినది. ఆ 11 పాటలును నాయనకు వచ్చును. తొమ్మిది దినములకు నేను వచ్చియుండినచో నాకును వచ్చెడివి. ఇప్పుడు మాటలున్నవి, పాట లేదు.

సోదర సోదరీమణులారా, కావేరీతీరమున గాని, కన్నడసీమలో గాని, మరాఠాదేశమున గాని, ఉత్కళమున గాని తరతరములుగ నివసించు మన యిండ్ల పెట్టెలలో ఇట్టి పుస్తకములు ఇంకను ఉండవచ్చును. వాటిని పాడగలవారు కొందరు ఇంకను సజీవులై యుండవచ్చును. రాబోవు ఉగాదినాడు పచ్చడి తినిన పిదప ఆ పెట్టె తెరువుడు. పాట తెలిసిన పెద్దవారి ప్రక్కన ఒక పిల్లవానిని కూర్చుండబెట్టుడు. సెలవు దొరకకున్న నవమి ఒక్కనాడు వచ్చి పానకము త్రాగిపోవుటతో తృప్తిపడక, ఆ తొమ్మిది దినములలో రెండు సాయంకాలములైన కూర్చుండుడు. మా వీధి మందిరమున దీపము సాయంకాలము ఆరున్నరకు పెట్టుదురు. ఆ సమయమున మా వసారాలో పాఠము నడచుచుండును.